ఎక్కిన కాడికే దించే ఓడ

మా మేనకోడలికి మూడేళ్లు నిండాయి. బాసరలో అక్షరాభ్యాసం చేయించాలని అక్క డల్లాస్ నుంచి పిల్లలిద్దరినీ తీసుకుని కరీంనగర్ వచ్చింది. వచ్చిన నాలుగో రోజు సాయంత్రం అందరం ఎల్‌ఎండీ (దిగువ మానేరు డ్యామ్) కట్ట మీదికి వెళ్లాం. వానలు బాగా పడ్డ ఏడాది. దిగువ మానేరు అంచుల దాకా నిండి ఉంది. ఆరేళ్ల మేనల్లుడు కాల్చిన మక్కకంకి రెండు చేతులా పట్టుకుని గింజలు వొలుచుకుంటున్నాడు. చిన్నది అమ్మ ఒళ్లో కూర్చుంది.

అప్పుడు అక్క ఫోన్‌లో ఒక ఫొటో తీసి బాపుకు చూపించింది. తెల్లటి దుప్పటి పరిచిన మంచం, దాని మీద తువ్వాలతో మడిచిన ఏనుగు. తొండం పైకి లేచి ఉంది. కళ్లకు రెండు కాగితపు చుక్కలు అంటించారు. నిరుడు పిల్లల సెలవుల్లో గాల్వెస్టన్ రేవు నుంచి ఐదు రోజులు ఓడలో వెళ్లొచ్చారు. మెక్సికోలో కొజుమెల్ దీవి దాకా పోయి రావడం. రాత్రి భోజనం చేసి గదికి వచ్చేసరికి మంచం మీద రోజుకో జంతువు కూర్చుని ఉండేదట. వచ్చే ఎండాకాలం అమ్మాబాపు అమెరికా వస్తే అందరూ కలిసి మళ్లీ ఓడ ఎక్కాలని అక్క ఆలోచన. టికెట్లు ఇప్పుడే కొంటే ధర తక్కువ. బాపు ఆ ఏనుగును చాలాసేపు చూశాడు. ఫోన్ తిరిగి ఇస్తూ, రానన్నాడు.

బాపు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. పోచంపాడు నుంచి ఈ ఎల్‌ఎండీ దాకా కాకతీయ కాలువ 146 కిలోమీటర్లు. అందులో తూము తూముకూ ఆయనకు ఒక కథ ఉంది. అక్కది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇద్దరు చిన్నపిల్లలు, ఇంట్లో పనికి మనిషి లేదు. ఆ సాయంత్రం మొదలైన మాట బాసర వెళ్లేదాకా నడిచింది. నేను పక్కనుండి విన్నది విన్నట్టు రాస్తున్నాను.

బాపు: ఓడ వద్దు బిడ్డా. పిల్లలకు నీళ్లు చూపియ్యాలంటే మనకు లేవా? ముందర చూడు, ఇరవై నాలుగు టీఎంసీలు. ఇంటికాడ ఆటో ఎక్కితే పావుగంట. ఇక్కడ బోటు ఎక్కిద్దాం. ధర్మపురి కాడ గంగల మునకేపిద్దాం. కడెం పోదాం. జన్నారం అడవి చూపిద్దాం. పది రోజులు నాకియ్యి. నీ ఓడ మరిచిపోతరు.

(మా వైపు గోదావరిని గోదావరి అనేవాళ్లు తక్కువ. గంగ అంటాం.)

అక్క: చూపిద్దాం బాపూ, ఇది వద్దని నేనంటలేను. కని ఓడ ఏందో నీకు తెలువకుంట వద్దంటున్నవ్. పొద్దుగాల లేస్తే ఆ రోజు ఏమేం ఉన్నయో కాగితం మీద ఉంటది. నీళ్ల ఆటలు, బొమ్మలేసుడు, నిధి దాచిపెట్టి వెతికిచ్చుడు, పిజ్జా పిండి పిసికిచ్చుడు. రాత్రి డెక్కు మీద పెద్ద తెర కట్టి సినిమా. గదిల పైకప్పు నుంచి ఇంకో మంచం దిగుతది, నిచ్చెనెక్కి పండుకోవాలె. ఐదు రోజులల్ల వీడు దేనికి ఎక్కువ సంబరపడ్డడో తెలుసా? ఆ నిచ్చెనకు.

బాపు: నిచ్చెన కోసం సముద్రం దాకా పోవాల్నా? మన అటుక మీదికి ఎక్కిపిస్త.

అక్క: వాడు నిచ్చెన దిగి వచ్చి నా పక్కన పండుకునేటోడు బాపూ. డల్లాస్‌ల వాని గది వేరు, నా గది వేరు. ఆఫీసు నుంచి వచ్చినంక వంట, అంట్లు, వాని హోంవర్కు. మంచం మీద పడంగనే నిద్ర. ఓడల ఐదు రాత్రులు నలుగురం ఒక్క చిన్న గదిల. చీకట్ల వాడు చెప్పిన ముచ్చట్లు నేను ఏడాదిల ఎన్నడూ వినలే.

బాపు: మరి పగటిపూట ఎవరికో అప్పజెప్పిన్రటగద. పిల్లల గది అంటివి.

అక్క: రెండు గంటలు. గంతే. చిన్నదాన్ని అది గూడ తీసుకోలే. మూడేండ్లు నిండాలె, డైపర్ మానాలె. డైపరున్న పిల్లలను పెద్ద కొలనులకు గూడ దింపనియ్యరు. పోయినసారి అది ఐదు రోజులూ నా సంకల్నే ఉండె. వాడు లోపల ఆడుకునే ఆ రెండు గంటలు నేనేం జేసిన్నో చెప్పాల్నా? దీన్ని జోకొట్టి నేను గూడ పండుకున్న. నాలుగేండ్ల సంది పట్టపగలు నిద్రపోవుడు అదే మొదలు.

బాపు ఏమీ అనలేదు. అక్క గొంతు కొంచెం మారింది. ఆమె తర్వాత అన్నది నేను చాలాకాలం మరిచిపోలేను.

అక్క: బాపూ, మనం గూడెం గుట్టకు సత్యనారాయణస్వామి వ్రతానికి పోయినం యాదికుందా? నాకు ఎనిమిదేండ్లు. తమ్మునికి ఐదు. మీరిద్దరు గంగల ఈత గొట్టిన్రు. నన్ను మెడలోతుకు దించి పట్టుకున్నవ్. ఎంత మంచిగుండె ఆ రోజు. అమ్మ ఏం జేసింది?

బాపు: మీ అమ్మ గూడ ఉండెగద.

అక్క: మూడు గంటలకు లేచి పులిహోర కలిపింది. సర్వపిండి కాల్చింది. బియ్యం, గిన్నెలు బస్సుల మోసుకొచ్చింది. ఒడ్డుకు మూడు రాళ్లు పెట్టి మల్ల వండింది. మనం తడిబట్టలతోని వచ్చి కూసుంటే వడ్డించింది. అమ్మ ఆ రోజు గంగను చూసిందా? నువ్వే అడుగు.

అమ్మ ఒళ్లో చిన్నది నిద్రపోయింది. అమ్మ తల ఎత్తకుండానే, "చూసిన. గిన్నెలు తోముకుంట చూసిన" అంది.

కోపంగా అనలేదు. నిష్ఠూరంగానూ అనలేదు. అడిగారు కాబట్టి చెప్పింది. కాని ఆ మాట తర్వాత బాపు లేచి, కట్ట మీద నాలుగు అడుగులు వేసి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

మా ఇళ్లలో విహారం అంటే మగవాళ్లకూ పిల్లలకూ విహారం. వనభోజనాలకు పోయినా, వేములవాడకు పోయినా, కుంటాల జలపాతానికి పోయినా ఆడవాళ్ల వెంట వంటిల్లు కూడా వస్తుంది. చిన్నపిల్లలున్న తల్లికి పాలసీసా, వేడినీళ్లు, మార్చే బట్టలు, మెత్తటి అన్నం డబ్బా కలుస్తాయి. ఓడలో వండినది ఎవరో పెడతారు, తిన్న పళ్లెం ఎవరో తీస్తారు. దాని కోసమే అక్క అంత డబ్బు పెడుతోందంటే నేను తప్పు పట్టలేను.

మర్నాడు పొద్దున వాకిట్లో చాయ్ తాగుతూ బాపు మళ్లీ ఎత్తుకున్నాడు. రాత్రంతా ఆలోచించినట్టున్నాడు.

బాపు: ఆ ఏనుగును మడిచినాయన ఏ దేశమాయన?

అక్క: ఇండోనేషియా. ఆయనకు గూడ మూడేండ్ల బిడ్డ ఉన్నది. ఫొటో చూపిచ్చిండు.

బాపు: ఇంటికి ఎప్పుడు పోతడట?

అక్క: ఎనిమిది నెలల కాంట్రాక్టు. అయిపోయినంక పోతడు.

బాపు: అదే నేను చెప్పేది. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, నిర్మల్... ఏ ఊరికన్న పో. దుబాయికో, మస్కట్‌కో పోయిన తండ్రి లేని గల్లీ లేదు. పిల్లలు ఫోన్ల తండ్రిని చూసి పెరుగుతున్నరు. మన పిల్లల సంబరానికి ఏనుగును మడిచేటాయన తన బిడ్డకు మడిచి ఇయ్యలేడు. నాకది మింగుడు పడ్తలేదు.

అక్క: నాకు పడ్డదా? నేను ఆయన పేరు, బిడ్డ పేరు అడిగి తెలుసుకున్న. దిగే రోజు వీనితోని థాంక్స్ కార్డు రాపిచ్చి ఇచ్చిన. కని బాపూ, దుబాయిల మనోళ్లు కట్టిన బిల్డింగుల ఎవ్వరు ఉండమంటే వాళ్లకు పని ఎక్కడిది? ఆయనకు జీతం ఇచ్చేది నా టికెటే. నేను పోకుంటే ఆయన ఇంటికి పోడు. పని పోతది.

బాపు: జీతం సంగతి కాదు బిడ్డా. పిల్లలకు తెలువాలె అంటున్న. మంచం మీదికి ఏనుగు ఊకెనే రాదని తెలువాలె.

అక్క: తెలుసు. అందుకే వాడు కార్డు రాసిండు.

ఈ ముచ్చట్లో ఇద్దరూ ఒక్కచోటికే వచ్చారని నాకనిపించింది. కాని బాపు ఒప్పుకోలేదు. ఆయన అసలు అభ్యంతరం వేరే ఉంది.

బాపు: కాళేశ్వరం నుంచి అవతల సిరొంచకు వంతెన 2016 చివర్ల తెరిచిన్రు. అప్పటిదాకా పడవలే. నేను ఎన్నిసార్లు దాటిన్నో. సైకిళ్లు, మేకలు, పెండ్లివారు, బాలింతలు అందరూ ఒక్కటే పడవల. ప్రాణహిత వచ్చి గంగల కలిసేకాడ నీళ్ల రంగు మారుతది. పడవ నడిపేటాయన గడ కర్రతోని లోతు చూసుకుంట చెప్తుండె, ఇక్కడ ఇసుక మేట, ఇక్కడ సుడి అని. పడవ అంటే అవతలి ఒడ్డుకు పోవుడు. అటు దిక్కు మనుషులున్నరు, చుట్టాలున్నరు, వేరే భాష ఉన్నది. నీ ఓడ ఏం జేస్తది? ఐదు రోజులు తిప్పి, ఎక్కిన కాడికే తెచ్చి దించుతది.

అక్క: అవును, దించుతది. నేను ఎక్కడికో పోదామని ఎక్కలే బాపూ. ఐదు రోజులు ఎక్కడికీ పోకుంట ఉందామని ఎక్కిన. ఫోన్ మోగది, మెయిల్ రాదు, ఇల్లు ఊడ్చే పని లేదు. చుట్టూ నీళ్లే. ఇంక పిల్లలు తప్ప చూసేందుకు ఏముంటది?

బాపు: నడి సముద్రంల పిల్లలకు ఏమన్న అయితే?

ఇక్కడ అక్క చాయ్ గ్లాసు కింద పెట్టింది. నిటారుగా కూర్చుంది. దీనికి జవాబు ఆమె దగ్గర ముందే ఉంది.

అక్క: మన నీళ్ల మీద ఏం అయితున్నదో ముందు చెప్పు. 2019 సెప్టెంబర్ 15, పాపికొండల దారిల కచ్చులూరు. 77 మంది ఎక్కిన పడవ. 26 మందే బయటపడ్డరు. వరంగల్ పక్కన కడిపికొండ నుంచి పోయినోళ్లున్నరు. మన మంచిర్యాల వైపోళ్లు గూడ ఉన్నరు. పడవను బయటికి తీసేసరికే నెల దాటింది. 2017ల కృష్ణ మీద ఇబ్రహీంపట్నం కాడ 22 మంది. 2023 మేల కేరళ తానూరుల 22 మంది, అండ్ల ఎక్కువ పిల్లలే. 2024 జనవరిల వడోదర హర్ణి చెరువుల బడి పిల్లలు పిక్నిక్‌కు పోయిన్రు. 14 మంది పట్టే పడవల అంతకు రెట్టింపు మందిని ఎక్కిచ్చిన్రు. చాలామందికి జాకెట్లు లెవ్వు. 12 మంది పిల్లలు, ఇద్దరు టీచరమ్మలు. అది సముద్రమా బాపూ? ఊరి చెరువు.

బాపు: ఓడలు మునుగలేదా? టైటానిక్ మునుగలేదా?

అక్క: మునిగినయ్. టైటానిక్ మునిగినంకనే 1914ల కొన్ని దేశాలు కూసోని ఓడల మీద ప్రాణాల కోసం ఒక ఒప్పందం రాసుకున్నయ్. 2012ల ఇటలీ కాడ కోస్టా కాంకోర్డియా మునిగింది, 32 మంది చచ్చిపోయిన్రు. ఆ రోజు ఎక్కినోళ్లకు ఆపదొస్తే యాడికి ఉరకాల్నో అప్పటికింకా చూపియ్యలే. దాని తర్వాత, ఓడ కదలకముందే చూపియ్యాలని పెట్టిన్రు. మేము ఎక్కినప్పుడు పిల్లల చేతులకు పట్టీలు కట్టిన్రు. ఆపదొస్తే ఏ జాగకు పోవాల్నో ఆ నంబరు పట్టీ మీద ఉంటది. తప్పిపోయిన పిల్ల దొరికితే పట్టీ చూసి ఆ జాగకే తెస్తరు. ఎక్కిన ప్రయాణికులల్ల నూటికి పది మందికన్న తక్కువ కాకుంట పిల్లల జాకెట్లు వేరే ఉండాలె. పిల్లలు అంతకన్న ఎక్కువుంటే అన్నీ ఉండాలె. ఇది ఓడ కంపెనీ దయ గాదు, రూలు. మొన్న మనం పోయిన చెరువు కాడ ఏమైంది?

మొన్న జరిగింది నేను కూడా చూశాను. ఆ చెరువు పేరు ఇక్కడ అవసరం లేదు. బోటు దగ్గర జాకెట్లు పది ఉన్నాయి, పదీ పెద్దవాళ్లవే. ఒకటి తీసి మేనల్లుడికి తొడిగారు. వాడు చేతులు పైకెత్తగానే జాకెట్ చెవుల మీదికి లేచింది. లోపల వాడి మొహం సగమే కనబడింది. ఇంకా వదులుగా ఉందని అక్క తన చున్నీ తీసి నడుము చుట్టూ రెండుసార్లు తిప్పి కట్టింది. బోటు మనిషి మంచివాడే. "ఏం గాదమ్మా, పది నిమిషాలే" అన్నాడు. ఆ పది నిమిషాలూ అక్క పిల్లవాడి జబ్బను వదల్లేదు. నీళ్ల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చిన్నదాన్ని ఎక్కించనే లేదు. అమ్మ దాన్ని ఎత్తుకుని ఒడ్డునే ఉండిపోయింది.

బాపు చాలాసేపు మాట్లాడలేదు. నీళ్లతో బతికిన మనిషికి ఆ చున్నీ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

బాపు: మిమ్ములను బాయిల దింపినప్పుడు జాకెట్లెక్కడివి? బెండు కట్టి దింపిన. కని బెండు మీ నడుముకు సరిపోయేటట్టు కోసి కట్టిన. పెద్దోళ్ల బెండు చిన్నోళ్లకు కడితే నీళ్లల్ల బెండు పైకి, పిల్ల కిందికి. నాకు తెలుసు. మొన్న చూసి గూడ నేను నోరు మూసుకున్న.

అక్క: నిన్ను అనాలని చెప్పలే బాపూ.

బాపు: అనాలె. అనకుంటే ఎట్ల తెలుస్తది?

ఇక్కడ నా సొంత మాట చెప్పాలి. మా పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో గత కొన్నేళ్లలో నీళ్లు పెరిగాయి. ఎల్లంపల్లి నిండింది, మధ్య మానేరు నిండింది, ఊరూరా చెరువులు బాగయ్యాయి. నీళ్లున్న చోటికల్లా బోట్లు వస్తున్నాయి. ఆదివారం సాయంత్రం చంటిపిల్లలతో జనం వస్తున్నారు. రావాలి కూడా, ఈ నీళ్లు వాళ్లవే. కాని ఆ బోటు దగ్గర అరవై కిలోల మనిషికి సరిపోయే జాకెట్ ఉండి, పదిహేను కిలోల పిల్లకు సరిపోయేది లేకపోతే ఆ బోటు పిల్లల కోసం కాదు. చిన్న జాకెట్ పెద్ద ఖర్చు కాదు. గేట్లు ఎత్తిన రోజుల్లో, వరద వచ్చిన రోజుల్లో బోట్లు ఆపుతున్నారు, అది మంచిదే. 2022 జులైలో కడెం కట్ట మీది నుంచే నీళ్లు పారినంత పనైంది. ఆ రాత్రి దిగువ ఊళ్లు నిద్రపోలేదు. నీటికి కోపం వచ్చిన రోజు ఎవరూ బోటు అడగరు. ఎండకాసిన ఆదివారమే, పది నిమిషాలేగా అన్నప్పుడే పిల్లలు పోతున్నారు. పిల్లల కొలతకు జాకెట్ లేనిచోట టికెట్ ఇవ్వకూడదని నియమం ఉండాలి. ఉన్నచోట దాన్ని పాటించాలి. నేను అడగగలిగిన ప్రతి చోటా అడుగుతున్నాను.

ఆ మధ్యాహ్నం బాపు నన్ను పక్కకు పిలిచి, హైదరాబాద్‌లో పిల్లల జాకెట్లు దొరుకుతాయా అని అడిగాడు. స్నేహితుడికి ఫోన్ చేశాను. రెండు రోజుల్లో రెండు వచ్చాయి. నారింజ రంగువి, కాళ్ల మధ్య నుంచి తెచ్చి బిగించే పట్టీ ఉన్నవి.

జాకెట్లు వచ్చిన రాత్రి బాపు ఇంకొక మాట బయటపెట్టాడు. ఆయన మనసులో ఉన్న అసలు బోటు ప్రయాణం ఎల్‌ఎండీది కాదు, కడెందీ కాదు.

బాపు: పిల్లలను ఒక్కసారి మిడ్ మానేరుకు తీస్కపోదామంటున్న. వరదవెల్లి గుట్ట మీద దత్తాత్రేయస్వామి గుడి ఉన్నది. ఇప్పుడు ఆ గుట్ట చుట్టూ నీళ్లే. బోట్ల పోవాలె. పోయేటప్పుడు వాళ్లకు చూపియ్యొచ్చు, మీ అమ్మమ్మ పుట్టిన ఇల్లు ఈ నీళ్ల కింద ఉన్నదని.

కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, సంకెపల్లి, అనుపురం, రుద్రారం. మధ్య మానేరులో మునిగిన ఊళ్లలో కొన్ని ఇవి. అందులో ఒకటి మా అమ్మ తల్లిగారి ఊరు. 2019లో నీళ్లు నిండుగా చేరాయి. అంతకుముందే ఇంటి దర్వాజాలు, దూలాలు ఊడదీసుకుని మా మామలు పునరావాస కాలనీకి వెళ్లారు. వాకిట్లో ఉన్న వేపచెట్టును మాత్రం తీసుకుపోలేకపోయారు.

అక్క: ఆరేండ్ల పిల్లగానికి, మూడేండ్ల పిల్లకు అది ఏం సమజైతది బాపూ?

బాపు: సమజు కాకున్నా యాదికుంటది. తాత నీళ్లల్లకు చెయ్యి చూపిచ్చిండు, అమ్మమ్మ ఇల్లు అన్నడు. పెద్దయినంక సమజైతది. నీ ఓడల ఆటలన్నీ కలిపినా గంత కథ ఉండదు. నేను ఈ నీళ్లకు పని జేసిన. పంట పండింది, కరెంటొచ్చింది, పట్నానికి మంచినీళ్లు పోయినయ్. తప్పని అంటలే. కని ఏం మునిగిందో పిల్లలకు చెప్పకపోతే అది తప్పు.

అక్కకు జవాబు దొరకలేదు. నాకూ దొరకలేదు. బాపు ఈ వాదం గెలిచాడనే అనుకున్నాను. అంతలో వంటింటి గడపలో నిలబడి చెయ్యి తుడుచుకుంటున్న అమ్మ మాట్లాడింది.

"నేను రాను."

"ఎందుకే?" అన్నాడు బాపు.

"ఆ ఇంటి మీదికెళ్లి బోట్ల తిరుగుడు నాతోని గాదు. మా అవ్వ పండుకున్న అర్ర అది. మీరు పోండ్రి, పిల్లలకు చూపియ్యున్రి. నేను ఒడ్డుకే ఉంట." కాసేపు ఆగింది. "బిడ్డ చెప్పే ఓడ అయితే వస్త. దాని కింద ఎవ్వరి ఇల్లూ ఉండదు."

ఆ రాత్రి ఎవరం ఎక్కువ మాట్లాడుకోలేదు. బాపు వాకిట్లో మంచం వేసుకుని పడుకున్నాడు. అక్క అమ్మ పక్కన పడుకుంది. వాళ్లిద్దరూ చీకట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. చాలాసేపటిదాకా మాటలు మాత్రం వినబడ్డాయి.

బాసరకు బయల్దేరిన పొద్దున అక్క ఒక్కటే షరతు పెట్టింది. సద్ది కట్టొద్దంది. అమ్మ ఊరికే నిలబడి, ఏం చేయాలో తోచనట్టు రెండుసార్లు వంటింట్లోకి వెళ్లి వచ్చింది. సకినాల డబ్బా ఒక్కటి మాత్రం సంచిలో పెట్టుకుంది. ఆర్మూర్‌లో హోటల్లో టిఫిన్ తిన్నాం. అమ్మ ఇడ్లీ పళ్లెం ముందు పెట్టుకుని, వడ్డించే పిల్లవాడికి చోటు ఇవ్వడానికి పదే పదే పక్కకు జరిగింది. చిన్నదానికి అక్క తినిపించింది. మేనల్లుడికి నేను తినిపించాను.

గుడిలో జనం బాగానే ఉన్నారు. మూడేళ్ల పిల్లలు వరసగా కూర్చున్నారు, అందరి ముందూ పలకలు. పూజారి మేనకోడలి చెయ్యి పట్టి అక్షరం దిద్దించారు. దాని వేళ్లలో బలపం నిలవలేదు. రెండుసార్లు కింద పడింది. రెండుసార్లూ అది నవ్వింది. మూడోసారి బాపు వెనక నుంచి వంగి, పూజారి చేతి మీద తన చెయ్యి కూడా వేశాడు.

తర్వాత గంగ ఒడ్డుకు దిగాం. శ్రీరాంసాగర్ నిండుగా ఉంటే ఆ నీళ్లు బాసర మెట్ల దాకా నిలబడతాయి. బోటు సిద్ధంగా ఉంది. బాపు సంచిలోంచి నారింజ జాకెట్లు రెండూ తీశాడు. ముందు మనవరాలికి తొడిగి, పట్టీలు ఒక్కొక్కటే బిగించాడు. పట్టీ కింద రెండు వేళ్లు పెట్టి చూశాడు. భుజాల దగ్గర జాకెట్‌ను పట్టుకుని పైకి లాగి చూశాడు. గడ్డం దాకా కూడా రాలేదు. మనవడికీ అలాగే చేశాడు. బోటాయన ఇంజను ఆపి, అన్నీ అయ్యేదాకా ఎదురుచూశాడు. అక్క పిల్లల జబ్బలు పట్టుకోలేదు. బోటు నడుమ కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

అమ్మ అంచున కూర్చుంది. ఒడ్డు కొంచెం దూరమయ్యాక చెయ్యి చాపి వేళ్లు నీళ్లలో పెట్టింది. బోటు కదలికకు నీళ్లు వేళ్ల మధ్య నుంచి రెండుగా చీలి పోతున్నాయి. చిన్నది అది చూసి తన చెయ్యి కూడా చాపబోయింది, అందలేదు. అమ్మ దోసిట్లో నీళ్లు తీసి దాని అరచేతిలో పోసింది.

మేనల్లుడు ఎదురుగా కనిపిస్తున్న ఒడ్డు వైపు చూశాడు. అటు యంచ, నిజామాబాద్ జిల్లా. వంతెన మీద రైలు ఒకటి పోతోంది.

"తాతా, మనం ఆ ఒడ్డుకు పోతున్నమా?"

బాపు వంతెన వైపు చూశాడు, తర్వాత బోటాయన వైపు చూశాడు. బోటు అప్పటికే నెమ్మదిగా పక్కకు తిరుగుతోంది.

"లేదురా," అన్నాడు. "ఒక చుట్టు తిరిగి, ఎక్కిన కాడికే."

అక్క ఏమీ అనలేదు. సకినాల డబ్బా మూత తీసి, మొదటిది బాపుకు ఇచ్చింది.